స్పీకరునకు తగిన రిసీవరు

ఇంట సినిమా చూచుటకు స్పీకర్లు కొన్నవారు, రిసీవరుకై అంగడికి పోయి మొదట అడుగునది “ఎన్ని వాట్లు?” అని. అంతకుముందు తమ స్పీకర్లతో వచ్చిన పుస్తకమును చూడవలెను. అందు రెండంకెలు ముఖ్యము. మొదటిది ఓములు. ఎనిమిది ఓముల స్పీకరు కంటె నాలుగు ఓములది అదే వోల్టేజి వద్ద రెట్టింపు కరెంటును లాగును. ఆ భారము మోయలేని రిసీవరు వేడెక్కి నడుమ ఆగిపోవును. రెండవది డెసిబెళ్లలో చెప్పు సున్నితత్వము. 90 డెసిబెళ్ల స్పీకరునకు 10 వాట్లు చాలినచోట, 87 డెసిబెళ్లదానికి 20 వలయును. మూడు డెసిబెళ్ల తేడాకే ఇంత!

ఇక అట్టపెట్టెపై పెద్ద అక్షరాలలో అచ్చువేసిన 150 వాట్లు. తరచుగా అది ఒక్క చానలును, ఒక్క స్వరముతో, పది శాతము వక్రతను సైతము ఒప్పుకొని కొలిచిన అంకె. రెండు చానళ్లను 20 నుండి 20,000 హెర్ట్జుల వరకు పలికించి కొలిచినచో అది 80 కావచ్చును. లోపలి పుటలలో చిన్న అక్షరాలలో ఉండు ఆ అంకెనే నమ్మవలెను.

చిన్న రిసీవరు స్పీకరునకు హాని చేయదనుకొనుట పొరపాటు. శక్తి చాలక ధ్వనితరంగముల కొనలు తెగినప్పుడు పుట్టు హెచ్చు స్వరములు ట్వీటరును మాడ్చివేయును. ధ్వని పగులుచున్నట్లు వినబడగానే మీట తగ్గించుట స్టూడియోలో మేము నేర్చు తొలి పాఠము. వీలైనచో మీ స్పీకర్లనే అంగడికి తీసికొనిపోయి, మీరు ఇంట వినునంత బిగ్గరగా అరగంటసేపు వినుడు.