పాత హార్డ్ డిస్కులో చిక్కుకున్న తెలుగు

హైదరాబాద్ శివారులో, బొంగులూరు పక్కనే ఆదిబట్లలో టీసీఎస్ క్యాంపస్ ఉంది. సాఫ్ట్‌వేర్ ఇంత దగ్గరికొచ్చినా, తొంభైల నాటి డీటీపీ కంప్యూటర్ పాడైతే మనవాళ్లు చేసేది ఒక్కటే: పాత ఇనుముకు తూకం వేసి ఇచ్చేయడం. అందులో ఊరి పాటల పుస్తకమో, ఆగిపోయిన పత్రిక సంచికో ఉండొచ్చు. వాటిని బయటికి తీసే దారి చాలాసార్లు ఉంటుంది.

1956లో ఐబీఎం తెచ్చిన రామాక్ కంప్యూటర్‌లోదే మొదటి హార్డ్ డిస్కు. 24 అంగుళాల పళ్లేలు 50 తిరిగితే, పట్టేది 50 లక్షల అక్షరాలు. 1980లో వచ్చిన ఎస్‌టీ-506 అంతకన్నా కాస్త ఎక్కువనే, 5 మెగాబైట్లను, చిన్న కంప్యూటర్లో పట్టే పెట్టెలో ఇమిడ్చింది. డీటీపీ సెంటర్ల డిస్కులు దాని వారసులే.

పళ్లెం మీద అయస్కాంత పూతలో పడిన గుర్తులు దశాబ్దాలు నిలుస్తాయి. ముందుగా చెడేది యంత్రభాగం. నడుస్తున్నప్పుడు ఆ గుర్తులను చదివే హెడ్ సన్నని గాలి పొర మీద తేలుతుంది. కరెంటు ఆగితే పాత డిస్కుల్లో పళ్లెం మీదే వాలుతుంది. ఏళ్ల తరబడి కదలకపోతే అతుక్కుపోతుంది, మోటారు తిరగదు. అలాంటప్పుడు పదేపదే స్విచ్ వేస్తే పూతే గీసుకుపోవచ్చు. డిస్కు తిరిగితే మాత్రం ఫైళ్లు తెరిచి చూడకుండా మొత్తం డిస్కుకు నకలు తీయాలి. డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాం తేలిగ్గా చదవగలిగినవి ముందు తీసుకుని, మొండి భాగాల దగ్గరికి తర్వాత వస్తుంది. ఇక పనంతా నకలు మీదే. డాస్‌లో చెరిపేసిన ఫైలు కూడా వెంటనే పోదు; పేరులోని మొదటి అక్షరం మారుతుంది, ఆ చోటు ఖాళీ అని నమోదవుతుంది. కొత్తది దాని మీద పడేదాకా లోపలి విషయం అలాగే ఉంటుంది.

కల్పనా చావ్లాను బలిగొన్న 2003 కొలంబియా అంతరిక్ష నౌక ప్రమాదంలో ఒక సీగేట్ డిస్కు కాలి, నేలకూలి, నెలల తర్వాత టెక్సాస్‌లో దొరికింది. క్రోల్ ఆన్‌ట్రాక్ నిపుణులు పళ్లేలు శుభ్రం చేసి, వేరే డ్రైవ్‌లో బిగించి, 99 శాతం సమాచారం రాబట్టారు. డిస్కు సగమే నిండి ఉండటం, డాస్ ఫైళ్లను ఒకేచోట పేర్చడం కలిసొచ్చాయి. అందులోని జినాన్ వాయువు ప్రయోగ ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. అంత ఘోరంలోంచి బయటపడిందంటే, అటక మీది డిస్కును ముందే వదులుకోవడం తొందరపాటు.

మన డిస్కులకు ఇంకో చిక్కుంది. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉన్నా, డీటీపీ పనంతా అను, శ్రీలిపి లాంటి ఫాంట్లతో నడిచింది. అవి ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చాయి. ఆ ఫాంటు లేకుండా పేజీమేకర్ ఫైలు తెరిస్తే కనిపించేది అర్థంలేని గుర్తుల గుంపు. ఫైలు చెడలేదు, దాన్ని చదివే తాళంచెవి దగ్గర లేదు, అంతే. అందుకే ఫాంట్ల ఫోల్డర్‌ను కూడా కాపీ చేసుకుని, ఆ ఫాంటుకు తగిన కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాలి.

మీ ఇంట్లోనో, మూతపడిన ప్రెస్సులోనో అలాంటి కంప్యూటర్ ఉంటే పాత ఇనుముకు వేయకండి. డిస్కు నకలు తీయించండి, ఫాంట్లు దాచండి. ఆ పాఠం టైపు చేసినవాళ్లు ఇంకా మన మధ్య ఉండగానే ఈ పని చేయండి.