నెలలు నిండకముందే పుట్టిన బిడ్డ

సామాన్యముగా శిశువు తల్లి గర్భమున 40 వారములు పెరిగి జన్మించును. 37 వారములు పూర్తికాకముందే జన్మించినచో నెలలు నిండని శిశువందురు. ఇక 32 వారములైనను నిండక, కిలోగ్రామున్నరయైనను తూగక పుట్టిన బిడ్డను తొలిసారి చూచిన తల్లిదండ్రుల దిగులు ఇంతింత కాదు. పలుచని చర్మము క్రింద రక్తనాళములు కనబడుచుండును. ఏడ్పు పిల్లికూన అరపువలె సన్నగా నుండును. బిడ్డ దక్కునా యను సందేహముతో కొందరు పేరు పెట్టుటకే వెనుదీయుదురు.

ఏడవ మాసమున పుట్టినవారు బ్రతుకుదురు గాని ఎనిమిదవ మాసమున పుట్టినవారు బ్రతుకరని మనలో ఒక నమ్మిక కలదు. అది సరికాదు. గర్భమున గడచిన ప్రతి వారమును శిశువునకు బలమే కావున ఎనిమిదవ మాసపు బిడ్డకే అవకాశ మెక్కువ. ఇట్టి శిశువులందరును దక్కుదురనుట సత్యము కాదు. అయినను తల్లిదండ్రుల ఆశకు నేడు గట్టి ఆధారములు కలవు. ఆ ఆశ చేతులు ముడుచుకొని ఎదురుచూచుటగా గాక, దినదినమును చేయు పనిగా మారవలెను.

ఈ బిడ్డకు పుట్టుకతోనే రోగ మున్నదని తలపరాదు. లోపల జరుగవలసిన పెరుగుదల బయట జరుగవలసి వచ్చినది. చర్మము క్రింద క్రొవ్వు చాలనందున ఒంటి వేడిమి నిలువదు. ఊపిరి నడుమ నడుమ ఆగవచ్చును. చప్పరించుట, మ్రింగుట, ఊపిరి తీయుట, ఈ పనులను కలిపి చేయు నేర్పు సుమారు 34 వారములకు గాని అలవడదు.

వేడిమి నిలుపుటకు తల్లి రొమ్మును మించిన సాధనము లేదు. కొలంబియా దేశపు బొగోటా నగరమున 1978లో ఎడ్గర్ రే సనాబ్రియా అను వైద్యుడు, ఇంక్యుబేటరు అను వెచ్చని పెట్టెలు చాలక, శిశువులను తల్లుల వక్షమునకు కట్టించెను. తల్లి కంగారూ తన పిల్లను సంచిలో మోయునట్లుండుటచే దీనికి కంగారూ పద్ధతి యని పేరు వచ్చినది. పేరున కంగారు ఉన్నను ఇది తల్లి కంగారును తీర్చు పద్ధతియే. పేదరికమున పుట్టిన ఈ ఉపాయమును నేడు సంపన్న దేశములును అవలంబించుచున్నవి. ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలోను, ఆఫ్రికాలోని నాలుగు దేశములలోను జరిపిన పరిశోధన ఫలితములు 2021లో వెలువడినవి. శిశువు నిలకడపడువరకు ఆగుటకంటె, పుట్టిన వెంటనే ఈ పద్ధతి ప్రారంభించినచో తొలి 28 దినములలోని మరణములు నాలుగింట ఒక వంతు తగ్గినట్లు తేలినది. దినమునకు 8 మొదలు 24 గంటల వరకు ఇట్లు ఉంచవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించినది. ఊపిరికి యంత్రపు సాయము కావలసిన శిశువుల విషయము మాత్రము వైద్యులు నిర్ణయింతురు.

బిడ్డకు టోపీ, మేజోళ్లు, లంగోటి మాత్రము తొడిగి, ఒంటికి ఒళ్లు తగులునట్లు రొమ్ముల నడుమ నిలువుగా ఆనించి, తల ఒక ప్రక్కకు త్రిప్పి, మెత్తని గుడ్డతో కట్టుకొనవలెను. ముక్కు మూసుకొనకుండ చూచుట ముఖ్యము. తల్లి అలసినప్పుడు తండ్రియు, అమ్మమ్మయు, నాయనమ్మయు ఈ పని చేయవచ్చును. తండ్రులు సిగ్గుపడనక్కరలేదు.

రొమ్ము పట్టలేని బిడ్డకు తల్లి పాలు పిండి, మొదట గొట్టము ద్వారా, పిదప ఉగ్గుగిన్నెతో పట్టుదురు. మన ఇండ్లలోని ఉగ్గుగిన్నె ఇందులకు మిక్కిలి తగినది. దానిని నీట మరగించి వాడవలెను. అందు పోయవలసినవి తల్లి పాలే గాని ఆముదము, తేనె కావు. మ్రొక్కుకొనుటకు ఎవ్వరికిని అభ్యంతరము లేదు. బొడ్డుపై విభూతి చల్లుట మాత్రము హానికరము.

బిడ్డ బరువు పెరిగి ఇల్లు చేరినపుడు ఒక ప్రమాదము పొంచియుండును. అంతా చక్కగా ఉన్నదను ధైర్యముతో కంటి పరీక్ష మానివేయుదురు. నెలలు నిండని శిశువుల కంటి లోపలి పొరలో రక్తనాళములు వక్రముగా పెరిగి చూపును హరింపవచ్చును. బయటికి ఏ గుర్తును కనబడదు. తల్లి గుర్తించునప్పటికి సమయము మించిపోవును. కావున 34 వారములకు ముందుగాని, 2 కిలోగ్రాములకు తక్కువ బరువుతోగాని పుట్టిన ప్రతి శిశువునకు 30 దినములలోపల, 28 వారములకు ముందు పుట్టినచో రెండు మూడు వారములకే, కంటి వైద్యుని పరీక్ష జరుగవలెను. సకాలమున లేజరు చికిత్స చేసినచో పెక్కుమందికి చూపు దక్కును. జిల్లా ఆసుపత్రిలో అడిగినచో ఈ పరీక్ష ఎచ్చట జరుగునో తెలుపుదురు.

బిడ్డ పాలు త్రాగుట మానినను, చల్లబడినను, నిమిషమునకు 60 సార్లకు మించి ఊపిరి తీసినను, అరచేతులు, అరికాళ్లు పసుపుబారినను ఆలస్యము చేయరాదు. ఆసుపత్రికి పోవు దారిలో కూడ బిడ్డను రొమ్మున కట్టుకొనియే పోవలెను.

పొరుగింటి బిడ్డ కూర్చుండుచున్నాడు, మనవాడు ఇంకను మెడ నిలుపలేదని ఇరుగుపొరుగు లనుచుందురు. రెండు మాసములు ముందుగా పుట్టిన ఆరు మాసముల బిడ్డను నాలుగు మాసముల బిడ్డతో పోల్చవలెను. రెండేండ్లు వచ్చువరకు ఇదే న్యాయమైన లెక్క. అప్పటికిని వెనుకబడినట్లు తోచినచో దాచక వైద్యునికి చెప్పవలెను; తొలి రెండేండ్లలో ఇచ్చు శిక్షణ మిక్కిలి ఫలించును. టీకాలకు మాత్రము ఈ లెక్క వర్తింపదు. అవి పుట్టిన తేదీనిబట్టియే వేయింపవలెను.