కుడికాలి ఖర్చు

మా ఇంట్లో రెండు లెక్కల పుస్తకాలున్నాయి. ఒకటి పాలది, రెండోది పెట్రోలుది. రెండూ మా ఆవిడ చేతిలోనే ఉంటాయి. పాల పుస్తకం వల్ల మాకెన్నడూ పేచీ రాలేదు. పెట్రోలు పుస్తకమే ఆ మధ్య మా కాపురంలో చిన్న తుఫాను లేవదీసింది.

ఒక ఆదివారం పొద్దున నేను కాఫీ తాగుతూ పేపరు చూసుకుంటుంటే ఆవిడ ఆ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇదివరకు లీటరుకు 17 కిలోమీటర్లు వచ్చేవి. మూడు నెలలుగా 13 దాటటం లేదు. ఆ నాలుగూ ఎటు పోతున్నాయండీ?" అంది, వాటిని నేనే ఎక్కడో దాచిపెట్టినట్టు.

మా కారు నెలకు సుమారు 900 కిలోమీటర్లు తిరుగుతుంది. లీటరుకు 17 చొప్పున అయితే 53 లీటర్లు చాలు. 13 చొప్పున అయితే 69 లీటర్లు కావాలి. అంటే నెలనెలా 16 లీటర్లు ఊరికే పోతున్నాయన్నమాట. లీటరు నూరు రూపాయలు దాటి కూర్చుంది కనుక పదహారు వందలు! అమ్మాయి హాస్టలు ఫీజు కట్టవలసిన నెలలో ఈ సంగతి బయటపడింది. ఇక నాకు శాంతి ఎక్కడిది?

ఈ లెక్క ఎలా కట్టిందని మీరడగవచ్చు. చాలా తేలిక. ఒకసారి ట్యాంకు నిండా పోయించి మీటరు మీది అంకె రాసుకోవాలి. మళ్ళీ పోయించేటప్పుడు కూడా నిండుగానే పోయించాలి. ఈ మధ్య తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే సరి. ఒక్కసారి చూసి కంగారుపడకూడదు. మూడు నాలుగు సార్లు చూస్తే నిజం తేలుతుంది. చాలామంది ఐదువందలకో వెయ్యికో పోయించుకుని, "ఈ మధ్య మైలేజీ రావటం లేదండీ" అని వాపోతుంటారు. ఎంత వస్తోందని అడిగితే ఆకాశం వంక చూస్తారు. మొన్నటిదాకా నేనూ ఆ జాతివాణ్ణే.

నా అనుమానం మొదట పెట్రోలు బంకు మీదికి పోయింది. ప్రతి బంకులోనూ ప్రభుత్వం వారి తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన ఐదు లీటర్ల కొలపాత్ర ఉండాలి. మనం అడిగితే అందులో పోసి చూపించాలి. వెళ్ళి అడిగాను. కుర్రవాడు నవ్వుకుంటూ తెచ్చి పోశాడు. సరిగ్గా గీత దగ్గర నిలిచింది. సిగ్గుపడి, అక్కడే ట్యాంకు నింపించుకుని వచ్చేశాను.

తరువాత పెట్రోలునే అనుమానించాను. ఇందులో కొంత నిజం లేకపోలేదు. మన దేశంలో పెట్రోలులో ఇథనాలు కలుపుతున్నారు. 2022 నాటికి నూటికి పది పాళ్ళు ఉన్నది, 2025 నాటికి ఇరవై అయింది. పెట్రోలుతో పోలిస్తే ఇథనాలులో లీటరుకు మూడోవంతు శక్తి తక్కువ. పదిపాళ్ళు కాస్తా ఇరవై అయితే తగ్గేది నూటికి మూడూ నాలుగూ. ఇంజను ఆ మిశ్రమానికి తగ్గట్టు తయారైంది కాకపోతే ఇంకొంచెం. అంటే మా 17లో అర కిలోమీటరు లెక్క దొరికింది. మిగతా మూడున్నర సంగతేమిటి?

ఇక దోషి కారేనని తీర్మానించి, ఒక వర్కుషాపులో అప్పగించాను. వాళ్ళు రెండు రోజులుంచుకుని, ఇంజను లోపల మసి పట్టిందన్నారు. కడిగారట. ట్యాంకులో వెయ్యమని ఏవో మాత్రలు కూడా అంటగట్టారు. బిల్లు చూసిన తరువాత నాకే ఏదైనా మాత్ర వేసుకోవాలనిపించింది. ఇంతా చేస్తే పుస్తకంలో పడిన అంకె 13.2!

"ఈ బండి అమ్మేసి, కొత్తది వాయిదాల మీద తీసుకుందాం" అన్నాను ఆ రాత్రి. మా ఆవిడ మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోవటం అంటే ఏమిటో పెళ్ళయిన వారికి చెప్పనక్కర లేదు.

ఆ వారంలోనే బాబాయిగారు వచ్చారు. ఆయన మా ఆవిడకు స్వయానా మేనమామ. నాకు బాబాయి వరస. ఆర్టీసీలో ముప్ఫై ఏళ్ళకు పైగా బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆయన తండ్రిగారు రెండో ప్రపంచయుద్ధం నాటి బొగ్గుబస్సుల మీద క్లీనరుగా చేశారట. అప్పట్లో పెట్రోలుకు రేషను. బస్సు వెనక ఒక పెద్ద డబ్బా తగిలించి, అందులో కర్రబొగ్గు రాజేసి, ఆ వచ్చే వాయువుతో ఇంజను నడిపేవారు. చక్రం తిప్పి తిప్పి నిప్పు రాజెయ్యటం క్లీనరు పని. "మా నాన్న చేతులు కాయలు కాచి ఉండేవి. బొగ్గయినా పెట్రోలయినా ఊరికే కాలితే ఆయన ప్రాణం ఉసూరుమనేది" అంటుంటారు బాబాయిగారు.

ఆర్టీసీ వారి పద్ధతి ఒకటి నాకు ఆయన వల్లనే తెలిసింది. డిపోలో ప్రతి డ్రైవరుకూ ఒక లెక్క ఉంటుంది: లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడని. ఒకే దారి మీద ఒకే బస్సును ఇద్దరు నడిపితే ఇద్దరికీ ఒకే అంకె రాదు. బస్సుకు లీటరుకు ఐదు కిలోమీటర్లు రావటమే గొప్ప. రోజుకు 350 కిలోమీటర్లు తిరిగే బస్సును ఒక డ్రైవరు 5.0 చొప్పునా, ఇంకొకడు 5.2 చొప్పునా నడిపారనుకోండి. రెండోవాడు రోజుకు రెండున్నర లీటర్లకు పైగా మిగులుస్తాడు. రాష్ట్రం విడిపోకముందు ఆ సంస్థకు ఇరవై వేలకు పైగా బస్సులుండేవి. గుణించి చూసుకోండి మరి! అంత లెక్కలో పెరిగిన మనిషి మా పుస్తకం తిరగేసి, "అబ్బాయీ, రేపు నన్ను రాజమండ్రిలో దింపుతావుగా, దారిలో చూద్దాంలే" అన్నారు.

తెల్లవారి నేను స్టార్టు చెయ్యబోతే ఆగమన్నారు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, డ్రైవరు వైపు తలుపు తెరిచి, ఆ చట్రం మీద అంటించిన కాగితం చూపించారు. ఏ చక్రంలో ఎంత గాలి ఉండాలో అందులో ఉంది. ఆరేళ్ళుగా ఆ తలుపు తెరుస్తున్నాను, ఏనాడూ చదివిన పాపాన పోలేదు. ఉండవలసింది 33. బంకులో పట్టి చూస్తే రెండు చక్రాల్లో 25, ఒక దాంట్లో 24, ఒక దాంట్లో 27. మెత్తబడిన సైకిలు తొక్కి చూడండి, పిక్కలు ఎందుకు లాగుతాయో తెలుస్తుంది. కారుకూ అంతే, కాకపోతే దానికి నోరు లేదు. పైగా టైరు అంచులు త్వరగా అరుగుతాయి, వేడెక్కి పగిలే ప్రమాదమూ ఉంది. గాలి చూడవలసింది టైరు చల్లగా ఉన్నప్పుడే. బండి దూరం పరుగెత్తాక చూస్తే అంకె ఎక్కువ చూపించి మోసం చేస్తుంది.

తరువాత డిక్కీ తెరిచారు. అందులో పోయిన సంక్రాంతికి ఊరినుంచి తెచ్చిన పాత ఇత్తడి బిందెలు, అమ్మాయి పుస్తకాల పెట్టె, సగం సిమెంటు బస్తా ఉన్నాయి. "ఈ కారుకు నలుగురు మనుషులు కాదు, ఐదుగురు" అన్నారు. ఆ ఐదో మనిషిని అరుగు మీద దింపి బయలుదేరాం.

బెంజి సర్కిలు దాటేసరికి నా జబ్బు ఆయన కనిపెట్టేశారు. సిగ్నలు పడగానే ఎగిరి దూకటం, వంద గజాల్లో మళ్ళీ బ్రేకు తొక్కటం. "బ్రేకు మీద కాలు పెట్టిన ప్రతిసారీ, డబ్బిచ్చి కొన్న వేగాన్ని నువ్వే వేడి చేసి పారేస్తున్నావు" అన్నారు. ఎర్రదీపం అల్లంత దూరాన కనిపించగానే యాక్సిలరేటరు మీద కాలు తీసెయ్యమన్నారు. బండి తనంతట తానే నెమ్మదిస్తుంది. మనం అక్కడికి చేరేలోగా ఒక్కోసారి పచ్చదీపమే పడుతుంది. స్తంభం మీద అంకెలు కనిపించే సిగ్నళ్ళ దగ్గర, ఇంకా అరనిమిషానికి పైగా ఉంటే ఇంజను ఆపెయ్యమన్నారు. పది సెకన్లకు మించి ఊరికే తిరిగితే, మళ్ళీ స్టార్టు చెయ్యటానికి పట్టే పెట్రోలు కన్నా ఎక్కువే కాలుతుంది. కొత్తగా వచ్చే కొన్ని కార్లు ఈ పని తమంతట తామే చేసుకుంటున్నాయి.

జాతీయ రహదారి ఎక్కాక నా కాలు మళ్ళీ బరువెక్కింది. ముల్లు వంద మీదికి పోయింది. బాబాయిగారు ఒక లెక్క వేశారు. వంద మీద 150 కిలోమీటర్లకు గంటన్నర. ఎనభై మీద గంటా యాభై రెండు నిమిషాలు. లాభం ఇరవై రెండు నిమిషాలు. దానికి ధర? వేగంతో పాటు గాలి పెట్టే అడ్డం వర్గం చొప్పున పెరుగుతుంది. ఎనభై నుంచి వందకు పోతే అది ఒకటిన్నర రెట్లు దాటుతుంది. "ఆ ఇరవై నిమిషాలూ తణుకులో కాఫీ హోటల్లో ఎలాగూ కూర్చుంటావు. గాలితో కుస్తీ ఎందుకు?" నేను ఎనభైకి దిగాను. వెనకసీట్లో మా ఆవిడ నిద్రపోయింది. ఆవిడ నా పక్కన హాయిగా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో!

ఒక ఫ్లైఓవరు దిగేటప్పుడు నాకు తెలిసిన పొదుపు విద్య ప్రదర్శించాను. గేరు తీసి న్యూట్రలులో వదిలాను. ఇది మా నాన్నగారు అంబాసిడరు నడిపే రోజుల్లో నేర్పిన విద్య. బాబాయిగారు ఒక్కసారిగా, "వెయ్యి, గేరు వెయ్యి!" అన్నారు.

సంగతేమిటంటే, పాత కార్లలో కార్బురేటరు ఉండేది. కాలు తీసినా అది ఇంజనుకు కాస్త పెట్రోలు అందిస్తూనే ఉండేది. ఇప్పటి కార్లలో పెట్రోలును లెక్కగా చిమ్మే యంత్రాంగం ఉంది. బండి గేరులో ఉండి, పరుగెడుతూ, మనం కాలు తీసేస్తే అది పెట్రోలు పూర్తిగా కట్టేస్తుంది. చక్రాలే ఇంజనును తిప్పుతాయి. న్యూట్రలులో వేశామా, ఇంజను ఆగిపోకుండా ఉండటానికి మళ్ళీ పెట్రోలు పొయ్యవలసిందే. అంటే నా పొదుపు విద్య ఇన్నేళ్ళుగా దుబారా! ఘాటు రోడ్డు మీద ఇది ప్రాణాంతకం కూడా. ఇంజను పట్టు లేక భారమంతా బ్రేకుల మీద పడుతుంది; అవి కాగి పట్టు వదిలేస్తాయి. ఇంజనే ఆపేసి దిగే ఘనులున్నారు. అప్పుడు స్టీరింగు కూడా బిగుసుకుంటుంది. "మా డీజిలు బండ్లు మొదట్నుంచీ ఇంతే. గేరులో దిగితే చుక్క తాగేవి కావు" అన్నారాయన.

తణుకులో కాఫీకి దిగినప్పుడు అసలు దొంగ దొరికాడు. బాబాయిగారు నాలుగు చక్రాల దగ్గరా వంగి, తాకకుండా అరచెయ్యి దగ్గరగా పెట్టి చూశారు. మూడూ ఒక తీరుగా ఉన్నాయి. వెనక ఎడమ చక్రం పెనంలా కాగుతోంది. హ్యాండ్‌బ్రేకు తీగ పట్టేసి, బ్రేకు పూర్తిగా వదలటం లేదట. అంటే మూడు నెలలుగా నేను ఒక కాలితో బండిని తోస్తూ, ఇంకొక చేత్తో వెనక్కి లాగుతున్నానన్నమాట. ఇంజను కడిగి బిల్లు వేసిన మహానుభావులకు ఇది కనిపించలేదు. రాజమండ్రిలో చెట్టు కింద పెట్టుకున్న ఒక మెకానిక్కు గంటలో సరిచేసి, ఆ బిల్లులో పదోవంతు కూడా తీసుకోలేదు.

ఏసీ గురించి కూడా అడిగాను. ఊళ్ళో నెమ్మదిగా పోయేటప్పుడు, ఎండ లేకపోతే అద్దాలు దించుకోవటమే మేలు. రహదారి మీద అద్దాలు దించితే లోపల దూరే గాలి బండిని పట్టి లాగుతుంది, కనుక అక్కడ ఏసీ నయం. ఎండలో నిలిపిన కారయితే ముందు తలుపులు తెరిచి వేడిగాలి పోనివ్వాలి. "రోహిణి కార్తెలో ముసలివాళ్ళను కూర్చోబెట్టుకుని ఏసీ కట్టేసే పొదుపు మాత్రం నాకు వద్దు" అన్నారు నవ్వుతూ.

ఎయిరు ఫిల్టరు మార్చితే మైలేజీ అమాంతం పెరుగుతుందనే మాట కూడా కార్బురేటరు కాలం నాటిదే. ఇప్పటి ఇంజను వచ్చిన గాలిని బట్టి పెట్రోలు తగ్గించుకుంటుంది. ఫిల్టరు మూసుకుపోతే బండి ఊపు తగ్గుతుంది కాని, పెట్రోలు తేడా అంతగా కనిపించదు. మార్చవలసిన సమయానికి మార్చటం ఇంజను ఆయుష్షు కోసం. మీటరు దగ్గర పసుపుపచ్చగా ఇంజను బొమ్మ వెలిగితే మాత్రం ఉపేక్షించకండి. పొగగొట్టంలోని ఆక్సిజను కనిపెట్టే సాధనం ఒకటి చెడితే చాలు, ఇంజను లెక్క తప్పి విచ్చలవిడిగా తాగుతుంది. ఇక పెట్రోలు గొట్టానికి తగిలించే అయస్కాంతాలు, ట్యాంకులో వేసే మాత్రలు వగైరా... నా అనుభవం పైన చెప్పాను.

తరువాతి నెల పుస్తకంలో 16.4 పడింది. మిగిలిన ఆ కాస్తా ఇథనాలు ఖాతాలో వేశాం. కారు అమ్మే ప్రసక్తి మళ్ళీ రాలేదు. హాస్టలు ఫీజు కట్టేశాం.

మొన్న ఆదివారం కూరగాయలు తేవటానికి తాళాలు తీసుకోబోయాను. మా వీధి చివరే బజారు. మా ఆవిడ తాళాలు లాక్కుని చేతిలో సంచీ పెట్టింది.

"చల్లటి ఇంజను వేడెక్కేదాకా చాలా ఎక్కువ తాగుతుందట. మావయ్య చెప్పాడు. వెళ్ళి రండి. బెండకాయలు లేతవి చూసి తెండి."