ఆయిల్ ఇంజనులో కందెన కొలత పంపు: లోపములు, వానిని కనుగొను విధము

పోలవరము ధవళేశ్వరమునకు ఎగువన, గోదావరి కుడిగట్టున నున్నది. 1852లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్ట దిగువనున్న డెల్టాను సస్యశ్యామల మొనర్చినది. కాని దాని కాలువల నీరు ఎగువ మెరకలకు ఎక్కలేదు. ఏటినుండియో, నూతినుండియో నీరు తోడుకొనుటకు మెరక రైతులకు ఆయిల్ ఇంజను చిరకాలము తోడుగా నిలిచినది. నేడు ఎత్తిపోతల పథకములును, విద్యుత్తు మోటార్లును వచ్చినవి. అయినను కరెంటు అందని చోట, గాలివానకు స్తంభములు ఒరిగిన వేళ, పాత ఇంజనే దిక్కగుచున్నది. చేనుకు తడి కావలసిన వారములో అది పట్టివేసినచో నష్టము యంత్రముతో ఆగదు, పైరును పోవును.

ఇంజను పట్టివేయుటకు ముఖ్యకారణములలో ఒకటి పిస్టనుకు కందెన నూనె అందకపోవుట. అనేక ఇంజనులలో క్రాంకు తిరుగునపుడు అడుగుతొట్టిలోని నూనె చిమ్మబడి సిలిండరును తడుపును. కొన్ని పాత పెద్ద ఇంజనులలో మాత్రము ఈ పనికి ప్రత్యేకముగా చిన్న కొలత పంపు అమర్చబడి యుండును. ఇంజను ప్రక్కనున్న నూనెపెట్టెలో సన్నని దట్టె యొకటి పైకి, క్రిందికి కదలుచు, ప్రతి పోటుకు కొంచెము నూనెను గొట్టములోనికి నెట్టును. ఆ బొట్టు గాజుగొట్టములో కంటికి కనబడును. సిలిండరు కడ నున్న గోలీ వాల్వు నూనెను లోనికి పోనిచ్చును గాని, లోపలి వాయువును వెనుకకు రానీయదు.

ఇట్లు పోయిన నూనె తిరిగి పెట్టెకు రాదు. పని చేసి, కాలిపోవును. కావున పెట్టెలో నూనె తగ్గుట దోషము కాదు. ఇంజను గంటలకొలది నడచినను మట్టము తగ్గకున్నచో, "నూనె మిగిలినది" అని సంతోషింపరాదు. అదియే మొదటి ప్రమాదసూచన. ఈ ధర్మము కొత్త యంత్రములకును వర్తించును. జర్మనీలో ఫెలిక్స్ వాంకెల్ రూపొందించిన రోటరీ ఇంజను 1957లో మొదట నడచినది. అందు మూడు మూలల రోటరు తిరుగును. దాని కొనలయందలి సీళ్ళు అరిగిపోకుండుటకు అట్టి ఇంజనులలో అనేకమునకు ఇటువంటి కొలత పంపే నూనె నందించును.

లోపమును పొగను బట్టియు, ధ్వనిని బట్టియు ఊహింపవచ్చును. నీలపుపొగ వచ్చినచో నూనె మిక్కుటముగా కాలుచున్నదని తెలియవలెను. పంపు అధికముగా పోయుచుండవచ్చును. లేదా రింగులు అరిగి యుండవచ్చును. నల్లపొగకు తరచుగా డీజిలు ఎక్కువగుటయో, గాలి చాలకపోవుటయో, బరువు మించుటయో కారణము. పొగ లేకున్నను ఇంజను కీచుమని, వేడెక్కి, వేగము తగ్గినచో వెంటనే ఆపవలెను. చల్లారిన పిమ్మటనే చేయి పెట్టవలెను.

పరీక్ష ఈ క్రమమున జరుగవలెను. మొదట పెట్టెలో నూనె ఉన్నదా, అది తయారీదారు చెప్పిన రకమేనా చూడవలెను. నీరు నూనెకంటె బరువైనది గనుక అడుగున చేరును. పంపు అడుగునుండి పీల్చును గనుక ముందుగా నీటినే పంపును. 1986 ఆగస్టులోను, 2022 జూలైలోను వచ్చినట్టి వరదలలో మునిగిన ఇంజనును, పెట్టెను ఖాళీచేసి శుభ్రపరచకుండ తిప్పరాదు.

రెండవది, పంపును కదలించు మీట ఇంజనుతోపాటు ఆడుచున్నదా చూడవలెను. మూడవది, మీట ఆడుచున్నను గాజులో బొట్టు కనబడనిచో జల్లెడ మూసుకొని యుండును, గాలి చేరి యుండును, లేదా పీల్పు వాల్వు పట్టి యుండును. నాల్గవది, బొట్టు కనబడినను సిలిండరు పొడిగా నున్నచో, ఇంజనును ఆపి, సిలిండరు కడ గొట్టమును విప్పి, పంపును చేతితో త్రిప్పవలెను. నూనె వచ్చినచో దోషము వాల్వుయందో, రంధ్రమునందో కలదు. రానిచో గొట్టము పగిలినదో, పూడినదో అని గ్రహింపవలెను. గాజులోనికి పొగయో, బుడగలో ఎగదన్నినచో గోలీ వాల్వు సరిగా మూసుకొనుట లేదు.

బొట్ల మోతాదును మార్చు మరను త్రిప్పుటకు ముందు దాని స్థానమునకు గుర్తు పెట్టవలెను. తయారీదారు నిర్ణయించిన లెక్కకు మించి తగ్గించి నూనె ఆదా చేయజూచుట తగదు. ఆదా అగునది కొలది రూపాయలు. పోవునది పిస్టను, సిలిండరు.

పంచాయతీ ఇంజను ఉన్న గ్రామములలో సభ్యులు మూడు పనులు చేయించవలెను. ఇంజను బాధ్యత ఒక్కరికే అప్పగించవలెను. నడచిన గంటలు, పోసిన నూనె, నిమిషమునకు పడిన బొట్లు ఒక పుస్తకములో వ్రాయించవలెను. నూనెను మూతగల డబ్బాలో, ఇసుకదుమ్ము చేరని చోట ఉంచవలెను. వాడిన నూనెను కాలువలోగాని, నూతి దగ్గరగాని పోయనీయరాదు.

నెలకొక్కసారి ఆ పుస్తకమును సమావేశములో చదివించినచో, ఏ నెలలో నూనె ఖర్చు ఉన్నట్టుండి తగ్గెనో, ఏ నెలలో పెరిగెనో తెలియును. మెకానిక్కును పిలువవలసిన సమయము పైరు ఎండిన తరువాత గాక, ముందే తెలిసివచ్చును.