దండగ బేరమేనా?

2006లో హ్యూస్టన్ టెక్సన్స్ ఇద్దరు తారలను కాదని ఒక డిఫెన్స్ ఆటగాణ్ని ఎంచుకుంది. నగరం మండిపడింది. మారియో విలియమ్స్ ఆ మొదటి స్థానానికి తగినవాడేనా అన్న వాదన అతను రిటైరయ్యాక కూడా తెగలేదు

2006 ఏప్రిల్ 28, శుక్రవారం రాత్రి. తెల్లవారితే న్యూయార్క్‌లోని రేడియో సిటీ మ్యూజిక్ హాల్లో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ వార్షిక డ్రాఫ్ట్. మొదటి ఎంపిక హక్కు హ్యూస్టన్ టెక్సన్స్‌ది. ఆ హక్కుతో జట్టు ఎవరిని తెచ్చుకుంటుందో అందరికీ తెలుసుననే అనుకున్నారు. అయితే రెగీ బుష్, కాదంటే విన్స్ యంగ్. కానీ ఆ రాత్రి జట్టు ప్రకటించిన పేరు ఆ రెండూ కాదు. నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయం తరఫున ఆడిన 21 ఏళ్ల డిఫెన్సివ్ ఎండ్ మారియో విలియమ్స్‌తో ఆరేళ్లకు 5.4 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరిపోయింది. అప్పటి మారకం రేటులో దాదాపు 240 కోట్ల రూపాయలు. అందులో 2.65 కోట్ల డాలర్లు ఆడినా ఆడకపోయినా చెల్లించి తీరాల్సిందే.

మర్నాడు హ్యూస్టన్ అభిమానులు గోల చేశారు. టీవీ విశ్లేషకులు తలలు పట్టుకున్నారు. ఒక్క మ్యాచ్ కూడా ఆడని కుర్రాడు సొంత నగరంలోనే విలన్ అయిపోయాడు.

అమెరికన్ ఫుట్‌బాల్ తెలియనివారికి ఈ ఆగ్రహం వింతగానే తోచవచ్చు. డ్రాఫ్ట్ అంటే ఐపీఎల్ తరహా వేలంపాట కాదు. కాలేజీ ఆట ముగించిన కుర్రాళ్లను జట్లు వంతులవారీగా పంచుకుంటాయి. అంతకుముందు సీజన్‌లో అట్టడుగున ఉన్న జట్టుకు తొలి వంతు. అలా ఏడు రౌండ్లు. 2005లో 16 మ్యాచ్‌లాడి రెండే గెలిచిన టెక్సన్స్‌కు ఆ అవకాశం అలా దక్కింది. ఓటమికి దొరికే ఏకైక పరిహారం అది. దాన్ని పాడు చేసుకుంటే అభిమాని క్షమించడు.

ఇక విలియమ్స్ చేసే పని పాస్ రషింగ్. ప్రత్యర్థి జట్టులో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను, అతను విసిరేలోపే, అడ్డుగా నిలిచిన భారీకాయులను దాటుకుని వెళ్లి నేలకూల్చాలి. కబడ్డీలో కూతకొచ్చినవాణ్ని పట్టేయడం లాంటిదే, కాకపోతే ఇక్కడ పట్టేవాడే గీత దాటి వెళ్లాలి. అలా కూల్చడాన్ని సాక్ అంటారు. ఇద్దరు కలిసి కూలిస్తే చెరి సగం. ఏడాదికి పది సాక్‌లు దాటితే మేటి అని లెక్క. ఆరున్నర అడుగుల ఎత్తు, 130 కిలోల బరువుతో 40 గజాల దూరాన్ని 4.7 సెకన్లలో పరిగెత్తిన విలియమ్స్ కాలేజీలో తన చివరి ఏడాది 14.5 సాక్‌లు సాధించాడు. ఆ దేహానికి ఆ వేగం అరుదు. కానీ టికెట్ కొనుక్కుని వచ్చేవాడు పరుగు చూడటానికి వస్తాడు, పరుగు ఆపడాన్ని కాదు.

కాదనుకున్న ఇద్దరూ సామాన్యులు కారు. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రన్నింగ్ బ్యాక్ బుష్ 2005లో కాలేజీ ఫుట్‌బాల్ అత్యున్నత పురస్కారం హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు. 2006 జనవరి 4న రోజ్ బౌల్‌లో అదే బుష్ జట్టును 41-38తో ఓడించి టెక్సాస్ విశ్వవిద్యాలయానికి జాతీయ టైటిల్ తెచ్చినవాడు యంగ్. ఆ రాత్రి విసురుళ్లతో 267, కాళ్లతో 200 గజాలు సాధించి, 19 సెకన్ల ఆట మిగిలి ఉండగా గెలుపు గీత తానే దాటాడు. పైగా హ్యూస్టన్‌లో పుట్టి పెరిగి, అక్కడి బడిలోనే ఆట నేర్చినవాడు.

దీనికి తోడు ఆ నగరానికో పాత గాయం ఉంది. దశాబ్దాలపాటు తమదనుకున్న ఆయిలర్స్ జట్టును 1996 సీజన్ తర్వాత యజమాని టెనెసీ రాష్ట్రానికి తరలించుకుపోయారు. అదే తర్వాత టైటాన్స్ అయింది. వ్యాపారవేత్త బాబ్ మెక్‌నెయిర్ 1999లో 70 కోట్ల డాలర్లు పోసి కొత్త జట్టు హక్కు కొంటే, 2002లో గానీ హ్యూస్టన్ మళ్లీ మైదానంలోకి దిగలేదు. ఇప్పుడు తమ ఊరి కుర్రాణ్ని తమ కొత్త జట్టు వద్దంటే, మూడో ఎంపికగా ఎత్తుకెళ్లింది ఎవరు? ఆ టైటాన్సే. పుండు మీద కారం చల్లడమంటే ఇదే.

<b>జట్టు లెక్క</b>

టెక్సన్స్ యాజమాన్యం అనాలోచితంగా ఏమీ చేయలేదు. ఆ విభాగంలో ఏటా రెండుసార్లు ఎదుర్కోవాల్సిన జట్టు ఇండియానాపొలిస్ కోల్ట్స్. దాని క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్. టెక్సన్స్ పుట్టిన నాటి నుంచి ఆ జట్టుపై ఒక్కసారీ గెలవలేదు. మానింగ్‌కు ఆలోచించే వ్యవధి ఇస్తే చాలు, ఆట అక్కడితో సరి. ఆ వ్యవధి తగ్గించే మనిషి కావాలి. జట్టుకు డొమానిక్ డేవిస్ అనే రన్నింగ్ బ్యాక్ ఉన్నాడు. 2002లో మొదటి ఎంపికగా తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాక్ డేవిడ్ కార్‌పై ఇంకా ఆశ ఉంది. కాగితం మీద చూస్తే బుష్, యంగ్ ఇద్దరూ అదనపు సరుకే.

లెక్క సరే, కాగితమే తప్పింది. మోకాలి గాయంతో డేవిస్ మళ్లీ ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. తొలి ఏడాది 76 సార్లు, 2005లో 68 సార్లు నేలకూలిన కార్ అప్పటికే దెబ్బతిన్న మనిషి. 2007లో జట్టు అతన్ని వదిలేసింది. టెక్సన్స్‌ను తప్పుపట్టాలంటే పట్టాల్సింది ఇక్కడే. విలియమ్స్‌ను ఎంచుకున్నందుకు కాదు, తమ క్వార్టర్‌బ్యాక్‌కు నాలుగేళ్లపాటు రక్షణ గోడ కట్టలేకపోయినందుకు. డ్రాఫ్ట్ ముగిసిన కొద్ది వారాలకే జనరల్ మేనేజర్ చార్లీ కాసర్లీ పదవి వదిలి వెళ్లారు.

తొలి సీజన్ విమర్శకులకు పండగే. పాదం నొప్పితోనే 16 మ్యాచ్‌లూ ఆడిన విలియమ్స్ ఖాతాలో 4.5 సాక్‌లు. బుష్ 88 క్యాచ్‌లు పట్టాడు. కత్రినా తుపానుతో కకావికలైన న్యూ ఆర్లీన్స్‌లో అంతకుముందు ఏడాది మూడే గెలిచిన సెయింట్స్ పది గెలిచి, సూపర్ బౌల్‌కు ఒక్క అడుగు దూరం దాకా వెళ్లింది. ఆ ఏడాది ఉత్తమ అఫెన్స్ కొత్త ఆటగాడు యంగ్. డిసెంబర్ 10న అతను టైటాన్స్ జెర్సీతో హ్యూస్టన్ వచ్చాడు. అదనపు సమయంలో 39 గజాలు పరిగెత్తి 26-20తో మ్యాచ్ ముగించాడు. సొంత ఊళ్లో, తనను కాదన్న జట్టు మీద. ఆ రోజు విలియమ్స్ పక్షాన మాట్లాడటానికి గుండె ధైర్యం కావాలి. రెండు వారాలకు, క్రిస్మస్ ముందు రోజున, టెక్సన్స్ మొట్టమొదటిసారి కోల్ట్స్‌ను 27-24తో ఓడించింది గానీ దాన్ని పట్టించుకున్నవారు తక్కువ.

<b>గాలి మళ్లింది</b>

2007లో దృశ్యం మారింది. పాదం కుదుటపడిన విలియమ్స్ 14 సాక్‌లు సాధించాడు. డిసెంబర్‌లో డెన్వర్‌తో జరిగిన ఒక్క మ్యాచ్‌లోనే మూడున్నర. 2008లో మరో 12. ఈలోగా యంగ్ గాయాలు, కోచ్‌తో విభేదాల మధ్య స్థానం పోగొట్టుకుని, మధ్యలో ఒకసారి తేరుకుని, 2011 తర్వాత లీగ్‌లో మళ్లీ కనిపించలేదు. అతను ఆరంభించిన 50 మ్యాచ్‌ల్లో 31 గెలిచాడు. చెడ్డ రికార్డేమీ కాదు, కానీ అయిదారేళ్లలోనే కథ ముగిసింది. బుష్‌కు 2010 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ ఉంగరం దక్కింది. అయితే సెయింట్స్ తరఫున ఆడిన ఐదేళ్లలో ఏ సీజన్‌లోనూ అతని పరుగు 600 గజాలు దాటలేదు.

వాదనను విలియమ్స్ వైపు గట్టిగా నెట్టింది మరో ఆటగాడు. 2009 డ్రాఫ్ట్‌లో ఏడు రౌండ్లలోనూ ఏ జట్టూ పట్టించుకోని ఆరియన్ ఫాస్టర్‌ను టెక్సన్స్ చవగ్గా తెచ్చుకుంది. 2010లో 1,616 గజాలతో లీగ్ మొత్తంలో అగ్రస్థానం అతనిదే. బుష్ కోసం 2006లో ఏడ్చిన నగరానికి రన్నింగ్ బ్యాక్ ఉచితంగా దొరికాడన్నమాట. పరుగెత్తేవాణ్ని ఎక్కడైనా వెతకవచ్చు, క్వార్టర్‌బ్యాక్‌ను కూల్చేవాణ్నే ముందుగా ఏరుకోవాలి అన్న సూత్రం ఆ తర్వాత లీగ్ అంతటా స్థిరపడింది.

ఆ సూత్రానికీ ఓ చిక్కుంది. విలియమ్స్ ఎంపికైన 2006 డ్రాఫ్ట్‌లోనే 20వ స్థానంలో కాన్సస్ సిటీ తీసుకున్న టాంబా హాలీ కెరీర్ మొత్తం మీద 89.5 సాక్‌లు సాధించాడు. పొట్టివాడని అందరూ వదిలేస్తే నాలుగో రౌండ్‌లో, 126వ స్థానంలో డెన్వర్ తీసుకున్న ఎల్విస్ డుమర్విల్ ఖాతాలో 105.5. విలియమ్స్ కెరీర్ మొత్తం 97.5. బుష్, యంగ్‌లతో పోల్చినప్పుడు టెక్సన్స్ నెగ్గుతుంది. హాలీ, డుమర్విల్‌లతో పోల్చితే సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది. అభిమానులు మాత్రం కాదనుకున్న ఆ ఇద్దరి గురించే వాదించుకున్నారు. డుమర్విల్‌ను ఎందుకు వదిలేశారని 2006లో ఎవరూ గోల చేయలేదు.

సాక్‌ల లెక్కే సర్వస్వమా అన్నది ఇంకో ప్రశ్న. లీగ్ ఆ లెక్కను అధికారికంగా రాయడం మొదలుపెట్టిందే 1982లో. విలియమ్స్‌ను ఆపడానికి ప్రత్యర్థులు ఇద్దరేసి మనుషులను పెట్టినప్పుడు పక్కవాడికి దారి దొరుకుతుంది. క్వార్టర్‌బ్యాక్ కంగారుగా బంతి విసిరేస్తే అది సాక్ కాదు, కానీ ఆట చెడింది కదా. మన క్రికెట్‌లో ఒక ఎండ్ నుంచి పరుగులు కట్టేసే బౌలర్ పడే బాధే ఇది. 2024 ఐపీఎల్‌కు కోల్‌కతా 24.75 కోట్లు పెట్టి కొన్న మిచెల్ స్టార్క్ తొలి రెండు మ్యాచ్‌ల్లో 8 ఓవర్లు వేసి 100 పరుగులిచ్చి ఒక్క వికెట్టూ తీయకపోతే ఎంత ఎగతాళి జరిగిందో గుర్తుండే ఉంటుంది. ఫైనల్లో అదే స్టార్క్ సన్‌రైజర్స్ హైదరాబాద్ టాపార్డర్‌ను కూల్చాక ఆ ధర గురించి మాట్లాడినవారు లేరు. స్టార్క్‌కు ఒక ఫైనల్ దొరికింది. విలియమ్స్‌కు హ్యూస్టన్‌లో అలాంటి రోజు రాలేదు.

విమర్శకుల చేతిలో మిగిలిన బలమైన ఆధారం కూడా ఇదే. టెక్సన్స్ మొట్టమొదటిసారి ప్లేఆఫ్స్‌కు చేరింది 2011 సీజన్‌లో. ఆ ఏడాది అయిదు మ్యాచ్‌ల్లో అయిదు సాక్‌లతో దూసుకెళుతున్న విలియమ్స్ ఛాతీ కండరం అక్టోబర్ 9న తెగిపోయింది. జట్టు అతను లేకుండానే విభాగం గెలిచింది. 2012 జనవరి 7న తొలి ప్లేఆఫ్ మ్యాచ్‌లో సిన్సినాటి క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని గాల్లోనే అందుకుని గీత దాటి స్టేడియాన్ని ఊపేసినవాడు ఆ ఏడాదే 11వ ఎంపికగా వచ్చిన జె.జె. వాట్. విలియమ్స్ దాన్ని మైదానం బయటి నుంచి చూశాడు. రెండు నెలలకు బఫలో బిల్స్ అతన్ని ఆరేళ్లకు దాదాపు 10 కోట్ల డాలర్లకు ఎగరేసుకుపోయింది. కెరీర్‌లో అత్యుత్తమమైన 14.5 సాక్‌ల సీజన్, లీగ్ ఉత్తమ జట్టులో స్థానం 2014లో బఫలోలోనే వచ్చాయి. హ్యూస్టన్‌లో ఆరు సీజన్లకు మిగిలినవి 53 సాక్‌లు.

మరి ధర? 2006లో మొదటి ఎంపికకు ఇంత అని హద్దు లేదు. 2010లో మొదటి ఎంపిక శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు 5 కోట్ల డాలర్ల గ్యారంటీ ఇవ్వాల్సి వచ్చాక యజమానులు మేల్కొన్నారు. 2011లో కొత్త వేతన నిబంధనలొచ్చాయి. ఆ ఏడాది మొదటి ఎంపిక కామ్ న్యూటన్ నాలుగేళ్ల ఒప్పందం మొత్తం 2.2 కోట్లే. అంటే విలియమ్స్‌కు గ్యారంటీగా దక్కిన దానికంటే తక్కువ. ఈ కొత్త ధరకు దొరికి ఉంటే అతని మీద సగం విమర్శ ఉండేదే కాదు. కుర్రాడి తప్పు లేని చోట కుర్రాణ్ని నిందించడం అభిమానులకు కొత్త కాదు.

హ్యూస్టన్ ఈ పరీక్షకు మరో రెండుసార్లు కూర్చుంది. 2014లో మళ్లీ మొదటి ఎంపిక హక్కు వస్తే మళ్లీ పాస్ రషర్‌నే తీసుకుంది. జడేవియన్ క్లౌనీ తొలి ఏడాది నాలుగు మ్యాచ్‌లాడి ఒక్క సాక్ లేకుండా మోకాలి శస్త్రచికిత్సకు వెళ్లాడు. మొత్తం ఐదు సీజన్లలో 29 సాక్‌లు చేసి 2019లో సియాటిల్‌కు తరలిపోయాడు. అదే డ్రాఫ్ట్‌లో అయిదో స్థానంలో ఖలీల్ మాక్, 13వ స్థానంలో ఆరన్ డోనల్డ్ వేరే జట్లకు దక్కారు. ఆ వాదనతో పోలిస్తే విలియమ్స్ ఎంపిక బంగారంలా కనిపిస్తుంది.

రెండోసారి 2023లో. ఈసారి మూడో స్థానం కోసం అరిజోనాకు ఆ ఏడాది 12, 33 స్థానాల ఎంపికలతో పాటు మర్నాటి ఏడాది మొదటి రౌండ్, మూడో రౌండ్ ఎంపికలు కూడా ఇచ్చి విల్ ఆండర్సన్‌ను తెచ్చుకుంది. ఇంత ఇవ్వాలా అని మళ్లీ పాత ప్రశ్నే లేచింది. ఆండర్సన్ ఏడు సాక్‌లతో ఆ ఏడాది ఉత్తమ డిఫెన్స్ కొత్త ఆటగాడయ్యాడు. టెక్సన్స్ 2023, 2024లలో వరుసగా విభాగం గెలిచింది. ఆ ఎంపిక జరిగినప్పుడు టెక్సన్స్ హెడ్ కోచ్ డిమెకో రయన్స్. 2006లో విలియమ్స్ పేరు విని నగరం గోల పెట్టిన ఆ శనివారమే, ఆ సందడిలో ఎవరూ పెద్దగా గమనించని 33వ ఎంపికగా టెక్సన్స్ తెచ్చుకున్న లైన్‌బ్యాకర్ ఆయనే.