ట్రాములో చూపులు

జర్మనీలో ట్రాము ఎక్కితే చాలు అందరూ నన్నే చూస్తున్నారు తాతయ్యా, ఆ చూపులు వీపుకి గుచ్చుకుంటున్నాయి అన్నావు. గుచ్చుకోవడం దగ్గర మొదలుపెడతానమ్మలూ. దాని సంగతి 1898లోనే ఒకాయన తేల్చాడు.

ఆయన పేరు టిచెనర్. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో సైకాలజీ చెప్పేవాడు. వెనకనుంచి ఎవరైనా తేరిపార చూస్తే మెడ దగ్గర తెలిసిపోతుందని ఆయన క్లాసు పిల్లలు గట్టిగా నమ్మేవారు. సరే, పరీక్షిద్దాం అని పెట్టి చూశాడు. తెలియడం లేదు! మరి వెనక్కి తిరిగితే నిజంగానే ఎవరో ఒకరు చూస్తూ దొరుకుతారేం? ఆయన చెప్పిన కారణం నాకు ఎంతో ఇష్టం. అనుమానం వచ్చి నువ్వు తల తిప్పుతావు. ఏదైనా కదిలితే చాలు, మనుషుల కళ్లు వాటంతటవే అటు పోతాయి. నువ్వు పూర్తిగా తిరిగేలోపు చూపులు కలుస్తాయి. అప్పటిదాకా కిటికీలోంచి చెట్లు చూసుకుంటున్న పెద్దమనిషి కూడా నీ లెక్కలో పడిపోతాడు.

నూరేళ్ల తర్వాత అదే కార్నెల్‌లో గిలోవిచ్ అనే ఆయన బృందం ఇంకో పరీక్ష చేసింది. బారీ మానిలో అనే గాయకుడి బొమ్మ ఉన్న టీషర్టు, కుర్రకారు సిగ్గుపడే రకం, తొడిగించి విద్యార్థుల్ని ఒక్కొక్కరినే నలుగురున్న గదిలోకి పంపారు. సగం మంది దాకా ఆ బొమ్మ ఎవరిదో పట్టేసి ఉంటారని వేసుకున్నవాళ్లు అనుకున్నారు. నిజానికి పట్టింది నాలుగోవంతు మంది.

అయితే ఇంతా చెప్పి, అదంతా నీ భ్రమే అంటే అన్యాయం చేసినట్టు. టీషర్టయితే విప్పేసుకోవచ్చు, ఒంటి రంగు అలా కాదు కదా. నిన్ను కొందరు నిజంగానే చూస్తున్నారు. జేమ్స్ బాల్డ్విన్ అనే నల్లజాతి అమెరికన్ రచయిత 1951లో స్విట్జర్లాండులో ల్యూకర్‌బాడ్ అనే కొండ ఊరికి వెళ్లాడు. నల్లవాళ్లని ఎన్నడూ చూసెరగని ఊరు. పిల్లలు వీధిలో కేకలు పెట్టేవారు. పెద్దవాళ్లు ఆయన జుట్టు ముట్టుకునేవారు, చెయ్యి తాకి రంగు అంటుకోలేదే అని ఆశ్చర్యపోయేవారు. వాళ్లది కావాలని చేసిన చెడు కాదంటూనే, తను వాళ్లకి మనిషిలా కాక వింతలా కనబడ్డానని 1953లో వచ్చిన వ్యాసంలో రాశాడాయన. చూసేవాడి మనసులో చెడు లేనంతమాత్రాన చూపు పడ్డవాడికి నొప్పి లేకుండా పోదు. ఆఫ్రికానుంచి వచ్చి హైదరాబాదు టోలిచౌకిలో ఉండి చదువుకునే పిల్లల్ని మనవాళ్లు చూసే తీరూ ఇలాంటిదే. వాళ్లకీ నొస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి, ఆ చూపులు నీకు ఇంతగా ఎందుకు గుచ్చుకుంటున్నాయన్నది. అప్లీసియా అని ఒక సముద్రపు నత్త ఉంది. దాని నరాల మీద చేసిన పనికే ఎరిక్ కాండెల్ అనే శాస్త్రవేత్తకి 2000లో నోబెల్ వచ్చింది. నీళ్లు చిమ్మే దాని గొట్టాన్ని మెల్లగా తాకితే మొప్పను చటుక్కున లోపలికి లాక్కుంటుంది. మళ్లీ మళ్లీ తాకుతుంటే, ఇందులో ప్రమాదం లేదని తెలిసి లాక్కోవడం తగ్గిస్తుంది. స్పర్శ తెలిపే నరం చివర ఊరే రసాయనం తగ్గిపోతుందన్నమాట. రోజుకి పది సార్లు చొప్పున నాలుగు రోజులు తాకితే, ఆ అలవాటు మూడు వారాల తర్వాత కూడా నిలిచింది. కానీ అదే నత్త తోకకి ఒక్క కరెంటు షాకు తగిలిందనుకో, అంతకుముందు పట్టించుకోని మెత్తటి స్పర్శకే ముడుచుకుపోతుంది.

ఆ మధ్య స్టాపులో ఒకడు నిన్ను చూసి ఏదో కూశాడన్నావు చూడు, ఆ షాకు అదే. అప్పట్నించే మామూలు చూపులూ గుచ్చుకోవడం మొదలై ఉంటుంది. దాన్ని పిరికితనం అనుకోకమ్మా. నరం తన పని తాను చేస్తోంది.

అందుకని వేళ మార్చకుండా రోజూ ఒకే బేకరీకి వెళ్లు. నిన్ను చూడటం వాళ్లకీ, వాళ్లు చూడటం నీకూ అలవాటవుతుంది. జర్మనీలో డాక్టరు దగ్గర వెయిటింగ్ రూములోకి వెళ్తే, ముక్కూమొహం తెలియని వాళ్లకి కూడా గుటెన్ టాగ్ చెప్పి కూర్చోవడం మర్యాద. నువ్వూ చెప్పు. అరుగు మీద కూర్చుని కొత్త అల్లుణ్ణి చూసినట్టు చూసే ముసలమ్మ కూడా బదులు పలుకుతుంది.

బెదిరింపు చూపు వేరు. దానికి అలవాటుపడాల్సిన పని లేదు. సీటు మారు, డ్రైవరుకి దగ్గరగా వెళ్లు, వెంటపడితే 110కి ఫోన్ చెయ్యి, అది అక్కడి పోలీసుల నంబరు. ఆ స్టాపులో మాత్రం కొన్నాళ్లు ఒంటరిగా ఎక్కకు. మీ హాస్టల్లో పక్క గది అమ్మాయిని తోడు రమ్మని అడుగు.