ఒక్క తాబేలే కదా!

మా ఇంట్లో రెండు భాషలు. అమ్మది తెలుగు, నాన్నది తమిళం. నాన్నమ్మని మేం పాట్టి అనే పిలుస్తాం. పాట్టి తరచూ ఒక సామెత చెబుతుంది: "ఆమై పుగుంద వీడుం, అమీనా పుగుంద వీడుం ఉరుప్పడాదు." అంటే తాబేలు దూరిన ఇల్లూ, అమీనా దూరిన ఇల్లూ బాగుపడవు అని. అమీనా అంటే అప్పు తీర్చనివాళ్ళ సామాను జప్తు చెయ్యడానికి కోర్టు నుంచి వచ్చే మనిషి. పాపం, తాబేలుని ఆయనతో ఎందుకు జత చేశారో నాకు చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు.

అలాంటి మా కుటుంబంలోనే పోయిన ఏడాది ఒక వింత జరిగింది. నాన్న చెల్లెలు, మా అత్త, కొత్త ఫ్లాట్ కొనుక్కుంది. గృహప్రవేశానికి వెళ్తే హాల్లో ఒక మూల గాజు తొట్టె కనిపించింది. అందులో కాస్త ఇసుక, చిన్న నీళ్ళ గిన్నె, అరచేతిలో పట్టేంత తాబేలు. నల్లటి డిప్ప మీద పసుపు గీతలు, అచ్చం నక్షత్రాల్లా ఉన్నాయి. "ఇది ఇంట్లో ఉంటే డబ్బు నిలుస్తుందంట" అంది అత్త. పాట్టి సామెత ఎత్తబోతే అందరూ నవ్వేశారు. నేను కూడా నవ్వాను. కీరదోస ముక్క తినిపించి, ఫోటో తీసి స్టేటస్ పెట్టాను.

ఆ ఫోటో చూసి జువాలజీ చదివే మన కాలేజీ సీనియర్ అక్క ఒకరు మెసేజ్ పెట్టారు. "అది నక్షత్ర తాబేలు. ఇంట్లో పెంచడం నేరం. ముందు ఆ ఫోటో తీసెయ్." నాకు నిజంగా తెలియదు. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత చదివి, అడిగి తెలుసుకున్న సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

నక్షత్ర తాబేలు చెరువులో ఉండేది కాదు. ఇది నేలమీద బతికే జీవి. ఎండు గడ్డి, ముళ్ళ పొదలు ఉండే మెట్ట ప్రాంతాలే దాని ఇల్లు. మన దక్షిణాదిలో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు మెట్ట భూముల్లోనూ, వాయవ్యాన గుజరాత్, రాజస్థాన్‌లలోనూ, ఇంకా పాకిస్తాన్, శ్రీలంకల్లోనూ ఉంటుంది. మనకు అందంగా కనిపించే ఆ పసుపు గీతలు నిజానికి దాని రక్షణ కోసం. గడ్డిపోచల నీడలో కూర్చుంటే ఎక్కడ గడ్డి, ఎక్కడ తాబేలు అన్నది తెలియదు. నక్కల నుంచీ పక్షుల నుంచీ దాన్ని కాపాడిన ఆ డిప్పే ఇవాళ మనుషులకు పట్టిస్తోంది.

ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో చూద్దాం. వానలు పడ్డాక తాబేళ్ళు మేతకు బయట తిరుగుతాయి. బీళ్ళలో, పొలం గట్ల మీద వాటిని పట్టేవాళ్ళు ఎక్కువగా పేదవాళ్ళే. వాళ్ళకు దక్కేది కొద్ది డబ్బు. వాళ్ళ దగ్గర కొన్నవాడు మరొకడికి, ఆ మరొకడు పట్నంలో ఇంకొకడికి అమ్ముతాడు. చేతులు మారినకొద్దీ ధర పెరుగుతుంది. కొన్ని ఇక్కడి ఇళ్ళకే చేరతాయి. మిగతావి మలేషియా, థాయిలాండ్ వైపు వెళ్తాయి. కాళ్ళూ తలా బయటికి రాకుండా టేపుతోనో గుడ్డతోనో బిగించి, సూట్‌కేసులో బట్టల మధ్య పేర్చి పంపిస్తారు. మన చెన్నై ఎయిర్‌పోర్టులోనే కస్టమ్స్ వాళ్ళు ఇలాంటి పెట్టెలు ఎన్నోసార్లు పట్టుకున్నారు. తాబేలు అరవదు. కొన్నాళ్ళు తిండి, నీళ్ళు లేకపోయినా ఓర్చుకుంటుంది. దొంగ రవాణా చేసేవాళ్ళకు కలిసొచ్చింది ఆ ఓర్పే. అయినా దారిలో ఊపిరాడకో, దెబ్బలు తగిలో, జబ్బుచేసో చచ్చిపోయేవి తక్కువేం కాదు. కాబట్టి ఒక ఇంటికి ఒకటి చేరిందంటే అడవి నుంచి పోయింది ఒకటే అనుకోవడానికి లేదు.

ఎన్ని పోతున్నాయి? 2015లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, మన దేశంలో ఒక్క వ్యాపార కేంద్రం నుంచే ఏడాదికి కనీసం 55,000 నక్షత్ర తాబేళ్ళు తరలిపోతున్నాయి. దేశం మొత్తం లెక్క కాదు, ఒక్కచోటి లెక్క. ఇంకో అంకె చెబుతాను. 2016 డిసెంబర్, 2017 జనవరి నెలల్లో వన్యప్రాణి నేరాల నియంత్రణ బ్యూరో 'ఆపరేషన్ సేవ్ కూర్మ' అని దేశమంతా ప్రత్యేకంగా దాడులు చేసింది. రకరకాల తాబేళ్ళు కలిపి 15,739 ప్రాణాలతో దొరికాయి. దొరికినవే అన్ని అంటే దొరకనివి ఎన్నో!

"పోతే పోయాయి, మళ్ళీ పుడతాయిగా" అంటుంది అత్త. ఇక్కడే అందరం పొరబడుతున్నాం. తాబేలు కోడి కాదు. ఆడ తాబేలు గుడ్లు పెట్టే వయసుకు రావడానికే ఏళ్ళు పడుతుంది. ఒక విడతకు పెట్టే గుడ్లు మామూలుగా పది లోపే. అవి మట్టిలో నెలల తరబడి ఉంటే గానీ పిల్లలు రావు. వచ్చినవాటిలో చాలా పిల్లలు పెద్దవి కాకముందే వేరే జంతువుల పాలవుతాయి. ఇంత నెమ్మదిగా పెరిగే జాతి నిలబడేది ఒక్క కారణం వల్లే: బతికి బట్టకట్టిన తాబేలు చాలా ఏళ్ళు బతుకుతుంది, ఏటా కాసిని గుడ్లు పెడుతుంది. అలాంటి పెద్ద ఆడ తాబేలుని ఎత్తుకుపోతే దాంతోపాటు రాబోయే ఎన్నో ఏళ్ళ పిల్లలు కూడా పోయినట్టే. అందుకే ప్రపంచ స్థాయి జాబితాలో ఈ జాతిని ప్రమాదపుటంచున ఉన్నవాటిలో చేర్చారు.

మరి చట్టం లేదా అంటే, ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీన్ని పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెట్టుకోవడం, అన్నీ నేరాలే. 2022లో ఆ చట్టాన్ని సవరించి జరిమానాలు పెంచారు. ఇక దేశాల మధ్య వ్యాపారం సంగతి చూసే సైటిస్ అనే ఒప్పందం ఉంది. 2019లో జెనీవాలో జరిగిన సమావేశంలో మన దేశం, శ్రీలంక మొదలైన దేశాలు కోరితే నక్షత్ర తాబేలుని అందులో అన్నిటికన్నా కఠినమైన మొదటి జాబితాలోకి మార్చారు. అడవి నుంచి పట్టినదాన్ని వ్యాపారం కోసం ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పంపకూడదని దాని అర్థం. అంటే చట్టం కాగితం మీద గట్టిగానే ఉంది. కానీ కొనేవాడు ఉన్నంతకాలం తెచ్చేవాడూ ఉంటాడు.

పట్టుకున్న తాబేళ్ళని మళ్ళీ అడవిలో వదిలేస్తే సరిపోతుంది కదా అని నేనూ అనుకున్నాను. అదీ అంత తేలిక కాదట. పెట్టెల్లో కుక్కినప్పుడు ఒకదాని జబ్బు ఇంకోదానికి అంటుకుంటుంది. దాన్ని అలాగే వదిలితే అక్కడున్న ఆరోగ్యమైన తాబేళ్ళకూ పాకుతుంది. పైగా అది గుజరాత్‌దో, అనంతపురందో చూసి చెప్పడం కష్టం. ఒకచోటివి ఇంకోచోట కలిపేస్తే ఆ ప్రాంతపు జన్యు లక్షణాలు చెదిరిపోతాయి. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు సింగపూర్‌లో పట్టుబడిన నక్షత్ర తాబేళ్ళ డీఎన్‌ఏ పరీక్షించి, వాటి సొంతవూరు ఏదో కనిపెట్టే ప్రయత్నం చేశారు. ఆ పరిశోధన 2006లో అచ్చయింది. 2018 నవంబర్‌లో సింగపూర్ నుంచి 51 తాబేళ్ళని విమానంలో కర్ణాటకకు తిరిగి తెచ్చారు. దొంగతనంగా తీసుకుపోవడానికి ఒక సూట్‌కేసు చాలు. తిరిగి తేవడానికి రెండు ప్రభుత్వాలు, డాక్టర్లు, నెలల శ్రమ కావాలి.

ఇదంతా అత్తకి చెప్పినప్పుడు మొదట కోపమొచ్చింది. "ఒక్క తాబేలే కదా! బాగానే చూసుకుంటున్నాంగా" అంది. అమ్మ కూడా అత్త పక్షమే. చిన్నప్పుడు అమ్మమ్మ నన్ను శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం గుడికి తీసుకెళ్ళింది. అక్కడ విష్ణుమూర్తి కూర్మ రూపంలో ఉంటాడు, గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్ళు ఉంటాయి. "దేవుడి దగ్గర ఉండగా లేనిది మనింట్లో ఉంటే తప్పా?" అని అడిగింది అమ్మ. నేను చాలాసేపు ఆలోచించాల్సి వచ్చింది. చివరికి నాకు తోచింది ఇదే. గుడిలో దణ్ణం పెట్టుకుని వచ్చేస్తాం, దానికోసం ఎవడూ బీళ్ళలో వెతకడు. మనం డబ్బిచ్చి కొన్నామంటే ఇంకోటి పట్టుకురమ్మని చెప్పినట్టే. దేవుడి రూపం అని నమ్మేవాళ్ళు దాన్ని టేపుతో చుట్టినవాడికి డబ్బు ఎలా ఇస్తాం?

"బాగా చూసుకోవడం" కూడా మనం అనుకున్నంత సులువు కాదని త్వరలోనే తెలిసింది. నాలుగు నెలలకు తాబేలు మేత మానేసింది. డిప్ప నొక్కితే మెత్తగా తగిలింది. ఎండ, సరైన మేత లేకపోతే సున్నం చాలక ఎముకలూ డిప్పా మెత్తబడతాయట. ఏసీ హాల్లో దానికి ఎండ ఎక్కడిది? అత్తకి అప్పుడు భయం వేసింది. పక్కింటావిడ గుడి కోనేట్లో వదిలెయ్యమని సలహా ఇచ్చారు. అలా ఎప్పుడూ చెయ్యొద్దు! ఇది ఈదలేదు, మునిగి చచ్చిపోతుంది. చివరికి మామయ్య, నేను అట్టపెట్టెకి చిల్లులు పెట్టి, అందులో దాన్ని పెట్టుకుని అటవీశాఖ ఆఫీసుకి వెళ్ళాం. వాళ్ళు కోప్పడ్డారు, మామయ్య చేత కాగితం రాయించుకున్నారు, తాబేలుని తీసుకున్నారు. అది బతికిందో లేదో నాకు తెలియదు.

తాబేలు సంగతే ఇంతసేపు చెప్పాను గానీ, మన వీధుల్లో పంజరాల్లో ఉండే రామచిలుకలు, జ్యోతిష్యం చెప్పేవాళ్ళ దగ్గర కార్డు తీసే చిలుకలు కూడా ఇదే చట్టం కిందికి వస్తాయి. వాటిని కూడా గూళ్ళలోంచి పిల్లలుగా ఉన్నప్పుడే ఎత్తుకొస్తారు. మనలో చాలామంది ఇళ్ళల్లో ఉండే ఉంటాయి. తిట్టడానికి రాయడం లేదు, మా ఇంట్లోనే జరిగింది కాబట్టి రాస్తున్నాను. ఇలాంటి జీవులు ఎక్కడైనా అమ్ముతుంటే కొనకండి, జాలిపడి కూడా కొనకండి. అటవీశాఖకు చెప్పండి. వన్యప్రాణి నేరాల బ్యూరో దక్షిణ ప్రాంతీయ కార్యాలయం మన చెన్నైలోనే ఉంది.

ఒక్క విషయం చివరికి దాచాను. ఆ రోజు నా స్టేటస్ చూసి సీనియర్ అక్క ఒక్కరే కాదు, ఇంకో ముగ్గురు ఫ్రెండ్స్ కూడా మెసేజ్ పెట్టారు. "చాలా క్యూట్‌గా ఉంది, ఎక్కడ దొరుకుతుంది? మాకూ ఒకటి కావాలి" అని. ఒక్క తాబేలు, ఒక్క ఫోటో, ఒక్క పూటలో ముగ్గురు కొనేవాళ్ళు తయారయ్యారు. వాళ్ళకి అప్పుడు నేను జవాబు ఇవ్వలేదు. ఇదే నా జవాబు.